అప్‌డేట్: గది శుద్ధికి చో కు రే, సుడి ఎటు తిప్పాలి?

రేకీ (అరచేతులతో శక్తి పంపుతామనే జపాన్ పద్ధతి) రెండో డిగ్రీలో, అంటే రెండో స్థాయిలో, నేర్పే చో కు రే గుర్తుతో గది శుద్ధి (గదిలోని చెడు శక్తిని తీసేయడం) ఎలా అని ఇంతకుముందు అడిగాను, జవాబులన్నీ కలిపితే తేలింది ఇదీ. అరచెయ్యి గోడకేసి పెట్టి ఎడమ నుంచి కుడికి అడ్డగీత, కిందికి నిలువుగీత, దాని అడుగు నుంచి గడియారానికి ఎదురుగా లోపలికి సుడి. కొందరు గురువులు సుడిని తిరగేసి, గడియారం దిశలో నేర్పుతారు. ఎవరి పద్ధతి వారిది, కలగాపులగం చేయొద్దు. గుర్తు గీయడం పూర్తయ్యాకే దాని పేరు మూడుసార్లు జపించాలి. గీస్తూ జపిస్తే సుడి చుట్ల లెక్క తప్పొచ్చు. నాలుగు గోడలు, పైకప్పు, నేల, అన్నిటికీ ఇలాగే, అంతే.

వస్తువుల శుద్ధికైతే జాకికిరి జోకాహో అనే వేరే రేకీ పద్ధతి ఉంది: ఊపిరి బిగబట్టి, వస్తువుకు సుమారు 5 సెంటీమీటర్ల పైన అరచేత్తో అడ్డంగా మూడు కోతలు, ప్రతిసారీ టక్కున ఆపాలి, ఆపైన రేకీ ఇవ్వాలి. మనుషుల మీద, జంతువుల మీద మాత్రం వద్దు.