మూడు లక్షలు మిగిలాయి: మిద్దె మీద సోలార్ పెట్టాలా, ముందు మిద్దెనే చల్లబరచాలా?

పడమటి వాకిలి (తిరుపతి)

అందరికీ నమస్కారం. తిరుచానూరు దగ్గర మాకు మూడు సెంట్ల స్థలం ఉంది, పడమర రోడ్డు. 900 అడుగుల ఇల్లు కడుతున్నాం, పైన అంతస్తు లేదు. పునాది అయిపోయింది, గోడలు లేపాలి. ఖర్చులన్నీ లెక్కేసుకున్నాక మూడు లక్షలు మిగిలేలా ఉన్నాయి. ఆ డబ్బు దేనికి పెట్టాలని ఇంట్లో రోజూ వాదనే.

మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించి రెండు గదులకూ ఏసీలు బిగిస్తే సరిపోతుందని మా మామగారు అంటారు. మేస్త్రి ఏమో ఎర్ర ఇటుక మానేసి ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకులు) పెట్టండి, ఇల్లు దానంతట అదే చల్లగా ఉంటుందంటాడు. మా ఆవిడ మాత్రం ముందు మిద్దె సంగతి చూడమంటుంది.

ఆరేళ్లుగా బాడుగింట్లో పైఅంతస్తులో ఉంటున్నాం. మే నెలలో రాత్రి పదకొండింటికి మంచం మీద నిలబడి శ్లాబ్‌కి చెయ్యి ఆనిస్తే, అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలాగా వెచ్చగా తగులుతుంది. ఫ్యాన్ ఆ వేడినే కిందికి తోస్తుంది. రాత్రి ఎనిమిదింటికి కూడా కొళాయిలో వేడినీళ్లే, మొదటి బకెట్ పక్కన పెట్టాల్సిందే. పాప వీపంతా చెమటకాయలు. సొంతింట్లోనూ ఇదే బాధ అయితే అప్పు చేసి కట్టుకుని ఏం లాభం? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రేణిగుంట నుంచి

అన్నా, మీ మామగారి మాటే కరెక్ట్. నేను కేంద్రం సోలార్ సబ్సిడీ పథకం పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లు పెట్టించాను. దాదాపు రెండు లక్షలైంది, అందులో 78,000 సబ్సిడీ వెనక్కి వచ్చింది. మన ఎండకి కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి, అంటే మూడింటికి నెలకు 360. పగలు గ్రిడ్‌కి పోతాయి, రాత్రి మనం వాడుకుంటాం, నెట్ మీటర్‌లో లెక్క సరిపోతుంది. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు కూడా పెరుగుతుంది కదా, ఆ పై రేటు మనకు తగలదు. పైగా ప్యానెళ్లు మిద్దెకు నీడ కూడా ఇస్తాయి. మిద్దె చల్లబరచడానికని సున్నాలకీ థర్మోకోల్‌కీ పెట్టే డబ్బు ఏ బిల్లులో తిరిగొస్తుంది చెప్పండి?

సైట్ ఇంజనీర్ (చిత్తూరు)

రేణిగుంట అన్న చెప్పిన లెక్కలు నిజమే. నేనూ సోలార్ వద్దనడం లేదు. కానీ వరస తప్పు, ముందు మిద్దె, తర్వాతే సోలార్ అంటున్నాను.

ముందు మన ఊరి ఎండ చూడండి. తిరుపతి పదమూడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆగస్టు మధ్యలో మళ్లీ నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య నెలల్లో నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. అంటే వేసవిలో దక్షిణం గోడకు పెద్దగా ఎండే తగలదు, దెబ్బంతా మిద్దె మీదే. మధ్యాహ్నం తాగిన వేడిని ఐదంగుళాల శ్లాబ్ సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా గదిలోకి కక్కుతుంది. మీ చేతికి తగిలింది అదే.

ఇప్పుడు అంకెలు. ఒట్టి శ్లాబ్ అయితే, పైకీ లోపలికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు మూడు వాట్లకు పైగా వేడి దిగుతుంది. మీ మిద్దె దాదాపు 84 చదరపు మీటర్లు. ఎండకు తేడా 25 డిగ్రీలు అనుకోండి, లోపలికి దిగేది ఏడు కిలోవాట్ల దగ్గర. అది తోడెయ్యడానికే రెండు టన్నుల ఏసీ కావాలి, మనుషులు, వంట, గోడల వేడి ఇంకా కలపలేదు. అదే మిద్దె మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీట్ (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక) పరిస్తే ఏడు కిలోవాట్లు కాస్తా ఒకటి అవుతుంది. ఇళ్ల కోసం కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత 2018లో పైకప్పుకు ఈ లెక్క 1.2 వాట్లు దాటకూడదని ఉంది. మనం పోసే ఒట్టి శ్లాబులు దానికి రెండింతలు కూడా దాటిపోతాయి.

మూడు కిలోవాట్లకు రోజుకు పన్నెండు యూనిట్లు. వేడి మిద్దె కింద రెండు ఏసీలు రాత్రంతా ఆడితే పదహారు యూనిట్ల దాకా లాగేస్తాయి. ఫ్రిజ్, మోటారు, మిక్సీ దాని మీద. మిద్దె చల్లబడితే ఆ పన్నెండుతోనే ఇల్లంతా గడుస్తుంది.

ఇంకో సంగతి. రాత్రి కరెంటు పోతే ఏసీ ఆగుతుంది, శ్లాబ్ వేడి ఆగదు. పగలు పోయినా బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపిన ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది. మిద్దె మీద పరిచిన షీట్ అలా కాదు, దానికి కరెంటుతో పనిలేదు.

చంద్రగిరి

మా ఊళ్లో కోట చూసినవాళ్లకు ఇది తెలుసు. రాజమహల్‌ని కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. మే నెలలో బయట నిలబడలేని ఎండలో లోపలికి అడుగుపెట్టండి, ఒళ్లు తేలికపడుతుంది. ఆ పనితనం వదిలేసి షీట్లు కొనుక్కోవడం నాకు బాధగా ఉంటుంది.

సైట్ ఇంజనీర్ (చిత్తూరు)

స్వామీ, మీ బాధ నాకూ ఉంది. కానీ అంత మందం గోడలు మూడు సెంట్లలో లేపితే గదులు మిగలవు.

పలమనేరు ఆడపడుచు

మా అమ్మమ్మ ఇల్లు మట్టి మిద్దె. దూలాల మీద రాతి బండలు, వాటి మీద జానెడు చవుడు మన్ను. వానాకాలం ముందు మన్ను మళ్లీ పరిచి దిమ్మిస కొట్టాలి, ఆ చాకిరీ ఈ రోజుల్లో చేసేవాళ్లు లేరు. అయినా మిద్దె మందంగా ఉంటే ఇల్లు ఎంత నెమ్మదిగా ఉంటుందో నేను పెరిగిన ఇల్లే నాకు నేర్పింది.

మేము కట్టుకున్నప్పుడు శ్లాబ్ మీద మా ఊరి కుమ్మరుల దగ్గర తెచ్చిన చిన్న కుండలు బోర్లించి, సందుల్లో ఇటుక ముక్కలు, సున్నం నింపి, పైన తెల్ల పెంకులు పరిపించాం. కుండలో గాలే దుప్పటి. లక్ష చుట్టూ అయింది. గోడలకు ర్యాట్ ట్రాప్ పద్ధతి, అంటే ఇటుకను నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే కట్టుబడి. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ వాడుకలోకి తెచ్చింది. ఇటుక నాలుగో వంతు దాకా మిగులుతుంది. అయితే మేస్త్రికి రాకపోతే పట్టుబట్టకండి, మొదటి రెండు వరసలు మేము పీకించి మళ్లీ కట్టించాం.

మాది ఎగువ ప్రాంతం, రాత్రి చల్లబడుతుంది, కిటికీలు తీస్తే చాలు. తిరుపతి ఉక్క వేరు. అక్కడ ఏసీ అసలు వద్దని నేను చెప్పను.

రేణిగుంట నుంచి

అక్కా, మీ ఇల్లు బాగుంది. కానీ ఆ కుండలు బోర్లించే మనుషులు తిరుపతిలో ఎక్కడ దొరుకుతారు? తెల్ల పెంకు కూడా రెండేళ్లకు దుమ్ముపట్టి బూడిద రంగు అవుతుంది. ప్యానెల్ అయితే తుడిస్తే చాలు, నెలనెలా మిగిలింది కాగితం మీద కనిపిస్తుంది. నీడ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నా మిద్దె నిజంగానే మునుపటి కంటే నయం.

సైట్ ఇంజనీర్ (చిత్తూరు)

నయమే, ఒప్పుకుంటాను. కానీ మూడు కిలోవాట్లకు 300 అడుగులు పోతుంది. మీ నీడ మిద్దెలో మూడో వంతుకే. మిగతా రెండు వంతులు ఎండలోనే ఉంది. ప్యానెల్ తుడిచిన రోజే పెంకులూ కడిగితే సరి. తెల్లటి పైపొర ఎండలో ముప్పాతిక వంతు దాకా తిప్పికొడుతుంది, సిమెంటు రంగు శ్లాబ్ సగానికి పైగా తాగేస్తుంది.

మంగళం రోడ్డు

ఏఏసీ బ్లాకుల గురించి ఒక మాట, ఎందుకంటే మాకు దెబ్బ తగిలింది. బ్లాకు మంచిదే, తేలిక, ఎర్ర ఇటుక కంటే వేడి తక్కువ పోనిస్తుంది. కానీ మా కాంట్రాక్టరు దాన్ని మామూలు ఇటుకలాగే అరంగుళం సిమెంటుతో కట్టేశాడు. బ్లాకులకు వేరే జిగురు వస్తుంది, మూడు మిల్లీమీటర్ల పూతే వెయ్యాలి. పిల్లర్‌కీ గోడకీ మధ్య తీగల జాలీ పెట్టలేదు. మొదటి వేసవికే పిల్లర్ పక్కన నిలువునా నెర్రె. కరెంటు పైపుల కోసం సుత్తితో కొట్టిన చోటల్లా ప్లాస్టరింగ్ డొల్ల. వేలితో తట్టితే డబడబమంటుంది. నాకు రంగుల ఖర్చు రెండోసారి అయింది. మీ మేస్త్రి ఇంతకుముందు బ్లాకులతో కట్టిన ఇల్లు ఒకటి చూపించమనండి. చూపించలేకపోతే అతనికి చేతనైన ఎర్ర ఇటుకే పెట్టించుకోండి.

పడమటి వాకిలి (తిరుపతి)

చాలా థ్యాంక్స్. మా ఆవిడకు చదివి వినిపించాను. ఇంకో టెన్షన్ ఉంది. మాది పడమర వాకిలి, హాలు కిటికీ అటే ఆరడుగులది పెడుతున్నారు. రెండడుగుల సజ్జ వేస్తే ఎండ ఆగుతుందా?

సైట్ ఇంజనీర్ (చిత్తూరు)

ఆగదు. ఉత్తరానికీ దక్షిణానికీ రెండడుగుల సజ్జ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఎండ ఎత్తు నుంచి పడుతుంది. పడమరలో మే నెల సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు నేలకు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. రెండడుగుల సజ్జ కిటికీకి పైన ఒక్క అడుగు మాత్రమే కాపాడుతుంది. మిగతా ఎండ సోఫా మీద కూర్చుంటుంది.

కిటికీ మూడడుగులకు తగ్గించండి. బయట వెదురు తెర కట్టండి. తెర లోపల కడితే లాభం తక్కువ, అప్పటికే ఎండ గాజు దాటి వచ్చేసి ఉంటుంది. వరండాకు జాలీ గోడ (కంతలున్న గోడ) పెట్టగలిగితే మరీ మంచిది. పడమర తగ్గించిన వెడల్పును ఉత్తరానికీ తూర్పుకూ ఇవ్వండి. ఉక్కపోసే చోట తెరుచుకునే కిటికీలు, తలుపులు కలిపి నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలి, మీకైతే 150 చదరపు అడుగులు. అద్దం జరిపే కిటికీ సగమే తెరుచుకుంటుంది, ఆ సగాన్నే లెక్కలోకి తీసుకోండి. దోమల మెష్ ఇప్పుడే బిగించండి, లేకపోతే రాత్రి ఎవరూ కిటికీ తియ్యరు.

చంద్రగిరి

రోడ్డు వైపు ఒక కానుగ మొక్క నాటండి. నీడ చిక్కగా ఉంటుంది, నీళ్లు పెద్దగా అడగదు. గృహప్రవేశం దాకా ఆగకుండా ఈ వానలకే నాటితే మంచిది.

పడమటి వాకిలి (తిరుపతి)

ఇంట్లో మాట్లాడుకున్నాం. ఎర్ర ఇటుకే. కిటికీ మూడడుగులు. మిద్దెకు ఎక్స్‌పీఎస్, నీళ్లు జారేలా వాటం పెట్టి పైన తెల్ల పెంకులు. ట్యాంకు తెల్లది, దానికి చిన్న రేకు నీడ. ఫ్యాన్లన్నీ తక్కువ కరెంటు లాగే బీఎల్‌డీసీ, ఒక పడగ్గదికి మాత్రమే ఏసీ. మిగిలిన దాంతో రెండు కిలోవాట్ల సోలార్. దానికి 60,000 సబ్సిడీ వస్తుందని మామగారు కూడా శాంతించారు.

రేణిగుంట నుంచి

ఇప్పటికీ మూడు పెట్టమనే నా మాట. రేపు ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటారు, అప్పుడు చాలదు. కనీసం మూడింటికి సరిపడా పైపు, చోటు వదిలిపెట్టండి. ప్యానెళ్లు దక్షిణం ముఖంగా పదిహేను డిగ్రీల లోపు వాలుతో, కింద మనిషి నడిచే ఎత్తులో పెట్టించండి.

పడమటి వాకిలి (తిరుపతి)

అలాగే అన్నా. ప్యానెళ్ల కాళ్లు పెంకులు పరిచాక బిగించుకోవచ్చా?

సైట్ ఇంజనీర్ (చిత్తూరు)

వద్దు. పెంకులు, షీట్ దాటి డ్రిల్లు దిగితే వాటర్‌ప్రూఫింగ్‌కి బొక్క పడినట్టే, అక్టోబర్ వానల్లో పడగ్గదిలో చెమ్మ చూస్తారు. శ్లాబ్ పోసిన వారంలోనే కాళ్ల దగ్గర అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మెలు బోల్టులతో సహా పోయించండి, మూడు కిలోవాట్లకు సరిపడా. వాటి చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ పైకి లాగి, ఆ తర్వాతే షీట్లు పరచాలి. శ్లాబ్ సెంట్రింగ్ (అచ్చు చెక్కలు) కొట్టేలోపు ప్యానెళ్లవాళ్ల దగ్గర కాళ్ల కొలతలు రాయించుకుని మేస్త్రి చేతికివ్వండి.