మత్తులో మా పిల్లి కళ్ళు తెరిచే ఉన్నాయి, దానికి నొప్పి తెలిసిందా?

జున్ను_వాళ్ళమ్మ:
మా జున్నుకి పిల్లలు పుట్టకుండా మొన్న ఆపరేషన్ చేయించాం. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక చూశాను. ఒళ్ళు గుడ్డలా వేలాడిపోయింది, కళ్ళు మాత్రం బార్లా తెరిచే ఉన్నాయి, రెప్ప పడట్లేదు. కంట్లో ఏదో ఆయింట్‌మెంట్ రాశారు. చీటీలో కెటమిన్, జైలజిన్ అని ఉంది. రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు. అన్నీ తెలుస్తూ, కదల్లేక పడుందా?

పశువైద్యం_పీజీ:
టెన్షన్ పడకండి అక్కా. కెటమిన్ ఇస్తే పిల్లుల కళ్ళు తెరిచే ఉంటాయి. రెప్ప ఆడదు కాబట్టి కనుగుడ్డు ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ రాస్తాం. కోసే ముందు కాలివేళ్ళ మధ్య గట్టిగా నొక్కుతాం. కాలు వెనక్కి లాక్కుంటే ఇంకా ఆగుతాం.

ఎలుకల_ల్యాబ్:
నేను మత్తులో ఉన్న ఎలుకల ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ అలల గీత, చూస్తుంటాను. ఐసోఫ్లూరేన్ అనే మత్తు వాయువు పెంచితే తెర మీద గీత కాసేపు దాదాపు చదునుగా సాగి, ఉన్నట్టుండి ఎగిసి, మళ్ళీ పడుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకూ భయమేసింది. అంత లోతు మత్తులోనూ మెదడు ఆగిపోదు, దాని భాగాల మధ్య మాట తెగిపోతుంది.

మకాక్ కోతుల మీద 2015లో వచ్చిన ఒక అధ్యయనం నాకు బాగా నచ్చింది. మెలకువలో మెదడు భాగాలు క్షణక్షణానికి కొత్త జట్లు కడుతున్నాయి. ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఇచ్చాక, వాటి మధ్య నరాల దారులు ఎలా ఉంటే అలాగే, ఆ పాత జట్లలోనే ఉండిపోయాయి. 2021లో ఎంఐటీ వాళ్ళు మకాక్‌లకే ప్రొపోఫాల్ ఇచ్చి చూశారు. సెకనుకు 7 నుంచి 10 సార్లు మోగే న్యూరాన్లు (మెదడులోని నరకణాలు) సుమారు ఒక్కసారికి పడిపోయాయి. మందు ఎక్కుతుండగానే మెదడు లోపలి థాలమస్ అనే భాగానికి కరెంటు ఇస్తే కోతులు మేలుకునే లక్షణాలు చూపాయి.

కెటమిన్ దారి వేరు. ప్రొపోఫాల్ న్యూరాన్లను అణిచే గాబా అనే మెదడు రసాయనానికి బలం ఇస్తుంది. కెటమిన్ న్యూరాన్లు సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్లను మూస్తుంది. అందుకే ఈఈజీలో వేగమైన అలలు కూడా కనిపిస్తాయి, చూడ్డానికి నిద్రలా ఉండదు. తెరిచిన కళ్ళను బట్టి మెలకువ అనుకోవద్దు. పైగా కెటమిన్ స్వయంగా నొప్పిని తగ్గించే మందు. మీరు డాక్టర్ని అడగాల్సింది ఆపరేషన్ తర్వాత నొప్పికి ఏమిచ్చారని.

జున్ను_వాళ్ళమ్మ:
ఇప్పుడే ఫోన్ చేశాను, మెలాక్సికామ్ ఇంజెక్షన్ ఇచ్చారట. చీటీలో రాయలేదు. ఇంటికొచ్చాక గంటసేపు తల అటూ ఇటూ ఊపింది, అదీ ఇందుకేనా?

పశువైద్యం_పీజీ:
అవునక్కా, కెటమిన్ దిగేటప్పుడు అలా ఊపుతాయి. ఇప్పుడు తింటోందా?

జున్ను_వాళ్ళమ్మ:
పొద్దున చేపముక్క తినింది. కుట్టు పొడిగానే ఉంది.