చర్చ: థాయ్ ప్యాకెట్ లేకుండా ఇంట్లో ‘చా యెన్’ వస్తుందా, రాదా?

విశాఖ_వంటిల్లు:
బ్యాంకాక్ వీధుల్లో ‘చా యెన్’ పేరుతో అమ్మే నారింజరంగు చల్లటి పాల టీ గురించి ఈ చర్చ. చా త్రా మ్యూ లాంటి థాయ్ టీ ప్యాకెట్ కొనకపోతే ఆ టీ రాదని చాలామంది తేల్చేస్తున్నారు. నేను ఒప్పుకోను. చిక్కటి డికాషన్, కండెన్స్‌డ్ మిల్క్, పైన ఇంకించిన పాలు, గ్లాసు నిండా ఐసు. ఈ నాలుగూ కుదిరితే మన అస్సాం సీటీసీ (చిన్న గుళికల్లా ఉండే మామూలు చాయ్) పొడి చాలు.

రెండు పెద్ద గ్లాసులకు నా కొలత: నీళ్లు 300 మి.లీ., టీపొడి 14 గ్రాములు, అనాసపువ్వు రేకలు రెండు, చిదిమిన యాలక్కాయ ఒకటి. నీళ్లలో మసాలా వేసి తెర్లనిచ్చి, స్టవ్ ఆపాకే పొడి వేయాలి. మూతపెట్టి 4 నిమిషాలు ఉంచి వడకట్టాలి. వేడి మీదే 20 గ్రాముల చక్కెర, 50 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ కలిపేయాలి. చల్లారాక కలిపితే కండెన్స్‌డ్ మిల్క్ అడుగున పేరుకుంటుంది. వెనిల్లా ఎసెన్స్ నాలుగైదు చుక్కలు మాత్రం చల్లారాకే.

పైన పోసే ఇంకించిన పాలు, అంటే ఎవాపరేటెడ్ మిల్క్, మన ఊళ్లలో అన్నిచోట్లా దొరకదు. అరలీటరు ఫుల్‌క్రీమ్ పాలను వెడల్పాటి గిన్నెలో సన్నసెగ మీద అడుగంటకుండా కలుపుతూ 200 మి.లీ.కి ఇంకించి, మీగడ తరకలు వడకట్టేస్తే ఇంట్లోనే తయారు.

తేయాకు_తూకం:
విశాఖ గారూ, మీరు చెప్పిన కొలతతో మంచి చల్లటి టీ వస్తుంది, కాదనను. కానీ అది చా యెన్ కాదు. మసాలా దగ్గరే దారి తప్పారు. అనాసపువ్వు, యాలకులు, చింతగింజల పొడి పడాలని ఇంటర్నెట్ నిండా రాస్తారు. ప్యాకెట్ వెనక పదార్థాల పట్టిక చదవండి. టీ ఆకు, రంగు, వాసన ద్రవ్యం, కొన్నింటిలో కాస్త చక్కెర, అంతే. ఆ వాసన వెనిల్లాకు దగ్గరగా ఉంటుంది, మసాలా చాయ్‌కి కాదు. యాలక్కాయ పడిందంటే నాలుక దాన్ని మన చాయ్‌గానే గుర్తుపడుతుంది.

ప్యాకెట్‌తో చేసేవాళ్లకు కొలత: 20 గ్రాముల పొడికి 300 మి.లీ. నీళ్లు. తెర్లిన నీళ్లను దించి అర నిమిషం ఆగి పోయాలి, 5 నిమిషాలు నాననివ్వాలి. పొడి తన బరువుకు రెండింతలకు పైగా నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి చేతికొచ్చేది 250 మి.లీ. లోపే. చాలా వంటకాల్లో ఈ లెక్క వేసుకోకుండా పాలు పోయమంటారు, అందుకే తెల్లగా చప్పగా తయారవుతుంది.

చార్మినార్_చాయ్:
నానబెట్టడం దగ్గరే నాకు పేచీ. చక్కెర, కొవ్వు, ఐసు, మూడూ కలిసి టీ రుచిని తొక్కేస్తాయి. వాటిని తట్టుకుని నిలబడాలంటే డికాషన్ గట్టిగా ఉండాలి. ఇరానీ చాయ్‌కి డికాషన్ వేరుగా దమ్ మీద (మూత బిగించి సన్నసెగ మీద) పెడతాం, పాలు వేరుగా మరిగిస్తాం, కప్పులో కలుపుతాం. చా యెన్‌ది కూడా అదే పద్ధతి కదా, ఇక్కడ మాత్రం 5 నిమిషాలకే ఎందుకు దించాలి? సన్నసెగ మీద 15 నిమిషాలు పెడితే తప్ప రంగూ చిక్కదనమూ రావు.

తేయాకు_తూకం:
చిక్కదనం కావాలన్న మాట నిజం. దాన్ని పొడి పెంచి తెచ్చుకోవాలి, సమయం పెంచి కాదు. ప్యాకెట్‌లో కలిపిన వాసన ద్రవ్యం ఆవిరితో పోయే రకం. 15 నిమిషాలు తెర్లితే వంటింట్లో ఘుమఘుమ, గ్లాసులో ఏమీ మిగలదు. రెండోది, మొదటి కొద్ది నిమిషాల్లోనే రంగు, కెఫీన్ చాలావరకు దిగిపోతాయి. ఆ తరువాత ఎక్కువగా దిగేది వగరే. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ ఆ వగరును పట్టేస్తుంది కాబట్టి పాలతో కలిపి మరిగించే ఇంటి చాయ్‌లో అది తెలియదు. చా యెన్‌లో కండెన్స్‌డ్ మిల్క్ పడేది తక్కువ, ఇరానీ చాయ్‌లో పాల వాటా చాలా ఎక్కువ. దమ్ లెక్క ఇక్కడ పనికిరాదు.

థాయ్ కొట్లలో చూడండి. పొడవాటి గుడ్డ సంచీలో పొడి వేసి, వేడి నీళ్లు పోసి, సంచీని పైకెత్తి ఆ డికాషన్‌నే మళ్లీ దాని మీదుగా పోస్తారు. నాలుగైదుసార్లు అలా తిరగపోస్తే పొడి అంతా సమంగా తడుస్తుంది, మంట మీద పెట్టకుండానే చిక్కబడుతుంది.

చార్మినార్_చాయ్:
తిరగపోయడం సరే, ఒప్పుకుంటాను, అది దమ్‌కు సాటివచ్చే పద్ధతే. అయితే సీటీసీతో చేసేవాళ్లకు మీ 5 నిమిషాలు కూడా ఎక్కువే. సీటీసీ గుళిక త్వరగా దిగుతుంది, 3 నిమిషాలు చాలు. గుడ్డ గురించి కూడా చెప్పాలి. కొత్త మల్లుగుడ్డను ముందు నీళ్లలో మరిగించి గంజి వదలగొట్టాలి. లేకపోతే డికాషన్‌కు గుడ్డ వాసన అంటుతుంది. వడకట్టాక సంచీని పిండకండి. పిండితే సన్నపొడి, మడ్డి దిగి గ్లాసు అడుగున బురదలా చేరుతుంది. స్టీలు జల్లెడ ఒక్కటే వాడితే థాయ్ పొడి చాలా కిందికి జారిపోతుంది. అంత మెత్తగా ఉంటుంది ఆ పొడి.

డాలస్_వంటగది:
రుచి సంగతి సరే, రంగు గురించి ఎవరూ మాట్లాడరేం? ఆ నారింజరంగు టీ ఆకుది కాదు. ఇక్కడ అమెరికాలో దొరికే ప్యాకెట్ మీద ‘యెల్లో 6’ అని ఉంటుంది, అంటే సన్‌సెట్ యెల్లో, ఈ–110. ఐరోపాలో 2010 జూలై నుంచి ఈ రంగు వాడిన ఆహారం మీద పిల్లల చురుకుదనం, ఏకాగ్రత మీద చెడు ప్రభావం ఉండవచ్చన్న హెచ్చరిక ముద్రించాలి. భారతదేశంలోనైతే టీపొడిలో రంగు కలపడమే నిషేధం. తడి టిష్యూ మీద చిటికెడు థాయ్ పొడి చల్లి చూడండి, నిమిషంలో నారింజ మరకలు పాకుతాయి. మన దగ్గర కల్తీ టీపొడిని పట్టుకునే పరీక్షే ఇది. అలాంటి దాన్ని ‘అసలైనది’ అని పిల్లల చేతికి ఎలా ఇస్తాం? నా ఓటు విశాఖ గారికే.

తేయాకు_తూకం:
హెచ్చరిక ఉన్న మాట నిజమే. పరిమితి కూడా చెప్పాలి కదా. రోజుకు కిలో బరువుకు 4 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదని 2011లో ఆహారంలో కలిపే పదార్థాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం (జెక్ఫా), 2014లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెప్పాయి. 15 కిలోల పిల్లవాడికి 60 మిల్లీగ్రాములు. పిల్లలకు వద్దంటే నేనూ వద్దనే అంటాను, కానీ రంగు కంటే ముందు కెఫీన్ చూసి. ఇంటి చాయ్ కప్పుకు 2–3 గ్రాముల పొడి వేస్తాం. విశాఖ గారి కొలతలో గ్లాసుకు 7 గ్రాములు. రంగు లేని పొడితో చేసినంత మాత్రాన అది పిల్లల పానీయం అయిపోదు.

విశాఖ_వంటిల్లు:
కెఫీన్ మాట ఒప్పుకోవాల్సిందే. పెద్దలకే, అదీ మధ్యాహ్నం లోపు. మసాలా విషయంలోనూ మీ మాటకు విలువిస్తాను, యాలక్కాయ తీసేస్తాను. అనాసపువ్వు ఒక్క రేక ఉంచుతాను, ఎందుకంటే సీటీసీకి ఆ తీపివాసన తనంతట తాను రాదు. రంగు కావాలనుకునేవాళ్లు పసుపు మాత్రం వేయకండి, కూర వాసన వస్తుంది. నారింజరంగునిచ్చే జాఫ్రా (అనాటో) గింజలు పావు చెంచా వేడి పాలలో 5 నిమిషాలు నానబెట్టి వడకట్టండి. ఆ రంగు కొవ్వులో బాగా దిగుతుంది కాబట్టి నీళ్లలో కంటే పాలలో వేస్తేనే ఫలితం. ఎక్కువైతే మట్టి రుచి తగులుతుంది. ఆ పాలను పైన పోసే పాలలో కాకుండా డికాషన్‌లోనే కలపాలి, లేకపోతే తెల్లటి పొర పోతుంది.

గోదారి_ఐసు:
ఇంత వాదించుకున్నారు, అసలు టీని పాడుచేసేది ఐసు. వేడి డికాషన్ నేరుగా ఐసు మీద పోస్తున్నవాళ్లు ఈ లెక్క చూడండి. గ్రాము ఐసు కరగడానికి 80 కెలోరీల వేడి కావాలి. 80 డిగ్రీల టీ 100 గ్రాములు సున్నాకు దిగాలంటే దాదాపు 100 గ్రాముల ఐసు కరుగుతుంది. టీ సగానికి సగం నీళ్లు! అదే 30 డిగ్రీలకు చల్లార్చి పోస్తే కరిగేది 40 గ్రాముల లోపే. గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెట్టి తిప్పితే పది నిమిషాల్లో ఆ స్థితికి వస్తుంది. వేడిగానే పోయాలంటే పొడి రెట్టింపు వేసుకోండి.

తీపి కూడా వేడి మీద రుచి చూసి సరిపోయిందనుకోవద్దు. చల్లదనంలో తీపి తెలియడం తగ్గుతుంది, పైగా ఐసు కరుగుతుంది. వేడిగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువనిపించాలి. గ్లాసు అంచు దాకా ఐసు నింపి, ముప్పాతిక వరకు టీ పోసి, పైన 20 మి.లీ. ఇంకించిన పాలు ఐసు ముక్కల మీద సన్నధారగా వదలాలి. మామూలు పాలు పోస్తే పొర నిలవకుండా వెంటనే కలిసిపోతాయి.

డాలస్_వంటగది:
పాలు పడనివాళ్లకు ఒక మాట. పైన కొబ్బరిపాలు పోయవచ్చు, కానీ చిక్కటివి ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోస్తే కొవ్వు గడ్డలు తేలుతాయి. గది వేడికి తెచ్చి, చిటికెడు ఉప్పు వేసి గిలకొట్టి పోయండి. కొబ్బరి కండెన్స్‌డ్ మిల్క్ కూడా దొరుకుతుంది. అయితే టీ మీద కొబ్బరి వాసన పైచేయి అవుతుంది, పొడి మరో 3 గ్రాములు పెంచాలి.

విశాఖ_వంటిల్లు:
డికాషన్ ముందే చేసి పెట్టుకోవచ్చా అని ఇద్దరు విడిగా అడిగారు. చక్కెర, పాలు కలపకుండా మూతగట్టి సీసాలో ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. పొడి అందులో వదిలేయకండి. చల్లారాక మసకబారితే పాడైందని పారబోయకండి. టీకి వగరునిచ్చే పాలిఫినాల్స్, కెఫీన్ చల్లదనంలో ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల అలా అవుతుంది, వేడిచేస్తే మళ్లీ తేటపడుతుంది. పుల్లటి వాసన వచ్చినా, పైన నురగ కట్టినా మాత్రం పారబోయాలి. కండెన్స్‌డ్ మిల్క్ కలపాల్సిన రోజున ఆ డికాషన్‌ను గోరువెచ్చగా చేసుకుని కలపండి.

తేయాకు_తూకం:
మీ సీటీసీ గ్లాసు, నా ప్యాకెట్ గ్లాసు పక్కపక్కన పెట్టి కళ్లు మూసుకుని తాగినా నాకు తేడా తెలుస్తుంది, ఆ మాట వెనక్కి తీసుకోను. ప్యాకెట్ వద్దనుకునేవాళ్లు కనీసం సీటీసీ బదులు సన్నగా తరిగిన సిలోన్ ఆకు టీ 16 గ్రాములు వాడండి. వగరు తగ్గుతుంది, వెనిల్లా దాని మీద బాగా నిలుస్తుంది.