హోల్డౌట్: అలకా, మొండితనమా, బెట్టా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. డాలస్ కౌబాయ్స్ జట్టు ఆఫీసు, ప్రాక్టీసు మైదానం ఉన్న ఊరు కాబట్టి అమెరికన్ ఫుట్‌బాల్ చూసినా చూడకపోయినా ఆ కబుర్లు చెవిన పడుతూనే ఉంటాయి. 2025 ఆగస్టులో ఇక్కడ ఎక్కడ చూసినా ఆ జట్టు స్టార్ ఆటగాడు మైకా పార్సన్స్ గొడవే. కొత్త కాంట్రాక్టు ఇస్తేనే ఆడతానని కూర్చున్నాడు. ఇలా కూర్చోవడాన్ని హోల్డౌట్ అంటారు. ఫోన్‌లో మా నాన్నగారికి చెబుతూ "అలిగి కూర్చున్నాడు నాన్నా" అన్నాను, ఆయన "ఎవరు, పెళ్లికొడుకా?" అని నవ్వారు. దీనికి సరిపోయే తెలుగు మాట ఏదైనా ఉందా? ఒక్కడే కూర్చున్నాడు కాబట్టి సమ్మె అనలేం కదా.

జవాబు

భీష్మించుకు కూర్చున్నాడు అనండి. ఇంతకన్నా ఏం కావాలండీ.

జవాబు

మా కరీంనగర్ దిక్కు "జిద్దు పట్టిండు" అంటారు. చిన్న మాట, ఎవరికైనా అర్థమవుతుంది.

జవాబు

మొండికేశాడు అంటే చాలు. ఆ ఏడాదికి 2 కోట్ల 40 లక్షల డాలర్లు రాసిపెట్టి ఉండగా ఇంకా కావాలి అనేవాణ్ణి అంతకన్నా మర్యాదగా ఏమనాలి?

జవాబు

పైన చివరాయనతోనే నాకు పేచీ, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

మొండికేయడం అని మనం ఎవరిని అంటాం? బండి కట్టాక కదలని ఎద్దుని, బడికి పోనని తలుపు పట్టుకున్న పిల్లాణ్ణి. అంటే వెళ్లడం వాడి విధి, తీసుకెళ్లేవాడిది న్యాయం అని ముందే ఒప్పేసుకుని వాడే మాట అది. మారాం, మంకుపట్టు కూడా అంతే, జిద్దులో కూడా ఆ వాసన కొంత ఉంది. తీర్పు ముందే చెప్పేసి ఆ తర్వాత వార్త చదివినట్టు ఉంటుంది.

అసలు ఆ కాంట్రాక్టు ఎలాంటిదో చూడండి. ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగులో, ఆటగాడు అయిదేళ్లకి సంతకం పెట్టాడని పేపర్లో పెద్ద అంకె వస్తుంది. అందులో గ్యారంటీ అని రాసిన ముక్క తప్ప మిగతాది కచ్చితంగా చేతికొస్తుందని నమ్మకం లేదు. జట్టుకి నచ్చకపోతే మధ్యలో తీసేయొచ్చు, మిగిలిన ఏళ్ల జీతం కథ అక్కడితో సరి. ఆటగాడు మాత్రం మధ్యలో వదిలేసి పక్క జట్టుకి పోలేడు. మన ఐటీవాళ్లు ఇంకో కంపెనీ ఆఫర్ లెటర్ పట్టుకొచ్చి మేనేజర్ ముందు పెట్టి జీతం పెంచుకుంటారే, ఆ దారి వీళ్లకి మూసేసి ఉంటుంది. ఆ స్థాయిలో ఉన్నది ఒకటే లీగు, కాంట్రాక్టు ఉన్నంతకాలం ఆ ఆటగాడి మీద హక్కు ఒకటే జట్టుది. ఇక వాడి చేతిలో మిగిలింది మైదానంలోకి దిగకపోవడం ఒక్కటే. ఆ ఒక్కటీ చేస్తే మొండివాడు, అదే జట్టు కాంట్రాక్టు చించేస్తే 'బిజినెస్' అంటారు. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

ఎందుకంత తొందర అంటారా, దెబ్బ తగిలితే బేరమే లేదు కాబట్టి. 2018లో సియాటిల్ జట్టులో ఎర్ల్ థామస్ అని పేరున్న డిఫెన్స్ ఆటగాడు, కాంట్రాక్టులో ఆఖరి ఏడాది, కొత్తది ఇవ్వండి లేదా వేరే జట్టుకి పంపండి అని ట్రెయినింగ్ క్యాంపుకి రాలేదు. సీజన్ మొదలయ్యేసరికి, జీతం పోతుంది కదా, దిగి వచ్చాడు. నాలుగో ఆటలో కాలు విరిగింది. బండి మీద మైదానం బయటికి తీసుకెళుతుంటే తన సొంత జట్టు వైపే మధ్యవేలు చూపించాడు. టీవీలో చూసినవాళ్లకి అది పొగరులా కనబడి ఉండొచ్చు, నాకు మాత్రం అంతకుముందు రెండు నెలల వాదనంతా ఆ వేలిలోనే కనిపించింది.

ఇప్పుడు భీష్మించడం సంగతి. వినడానికి గంభీరంగా ఉంటుంది, నాకూ ఇష్టమైన మాటే. కానీ భీష్ముడు పట్టిన పట్టు రాజ్యం వద్దనడానికి! ఇక్కడ పట్టు రాజ్యంలో వాటా కోసం. పైగా భీష్ముడు చివరిదాకా వదల్లేదు, వీళ్లలో చాలామంది సెప్టెంబరు మొదటివారానికల్లా సంతకం పెట్టి నవ్వుతూ ఫొటో దిగుతారు. ఒక్క లెవియాన్ బెల్‌కి ఆ మాట కొంత నప్పుతుంది. పిట్స్‌బర్గ్ జట్టు 2018లో అతనికి ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసింది. కాంట్రాక్టు అయిపోయిన ఆటగాణ్ణి జట్టు ఇంకో ఏడాది అట్టిపెట్టుకునే హక్కు అన్నమాట, జీతం లీగు లెక్క ప్రకారం వస్తుంది. బెల్‌కి వచ్చిన లెక్క 1 కోటి 45 లక్షల డాలర్లు, వారానికి 8 లక్షల 55 వేల దాకా. సంతకం పెట్టలేదు. నవంబరు 13 గడువు, ఆ రోజు కూడా రాలేదు, ఏడాది మొత్తం ఆడలేదు, పైసా తీసుకోలేదు. తోటి ఆటగాళ్లు అతని లాకర్ తెరిచి బూట్లు పంచుకున్నారు. మరుసటి ఏడాది న్యూయార్క్ జెట్స్ నాలుగేళ్లకి 5 కోట్ల 25 లక్షలకి తీసుకుంది, అందులో గ్యారంటీ మూడున్నర కోట్లు. రెండో సీజన్ మధ్యలోనే తీసేసింది. గెలిచాడా ఓడాడా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. గ్యారంటీ డబ్బు చూస్తే మరీ అంత తప్పు లెక్క కాదనిపిస్తుంది నాకు, కానీ ఆటగాడిగా మళ్లీ ఆ పాత బెల్ కనబడలేదన్నది కూడా నిజం.

అలక విషయంలో మాత్రం మీ నాన్నగారు సగం సరైన చోటే పట్టుకున్నారు. అలకపాన్పు ఎక్కిన పెళ్లికొడుకుకి పెళ్లి అప్పటికే అయిపోయింది, ఒప్పందం కుదిరింది, అయినా ఇంకేదో ఇస్తే గానీ దిగనంటాడు. దిగుతాడని అందరికీ తెలుసు, ఎంతకి దిగుతాడన్నదే ఆట. ఇక్కడిదాకా హోల్డౌట్‌కి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. తేడా ఎక్కడంటే అలిగినవాణ్ణి బుజ్జగిస్తారు, ఇక్కడ జరిమానా వేస్తారు. 2020లో లీగుకీ ఆటగాళ్ల యూనియన్‌కీ కుదిరిన ఒప్పందం ప్రకారం క్యాంపుకి రాని సీనియర్‌కి రోజుకి 50 వేల డాలర్లు, మొదటి కాంట్రాక్టులో ఉన్న కుర్రాడికి 40 వేలు. సీనియర్ల జరిమానాని తర్వాత రాజీ కుదిరాక మాఫీ చేద్దామన్నా జట్టుకి వీల్లేదు, అంతకుముందు చేసేవారు. 2023లో కాన్సాస్ సిటీ ఆటగాడు క్రిస్ జోన్స్ ఈ జరిమానాలన్నీ కట్టుకుని, మొదటి ఆట జీతం కూడా పోగొట్టుకుని, ఆ ఆటని అదే స్టేడియంలో పైన గదిలో కూర్చుని చూశాడు. జట్టు ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. నాలుగు రోజులు తిరక్కుండా రాజీ కుదిరింది. మరి దీన్ని అలక అంటే ఖర్చు ఎక్కడ కనబడుతుంది?

నా ఓటు బెట్టుకి. బెట్టు చేశాడు, బెట్టు మీద ఉన్నాడు, బెట్టు సడలించాడు, బెట్టు దిగాడు. బేరంలో తన విలువ తెలిసి వెనక్కి ఆగడం అందులో ఉంది. ఇంకో సుఖం, ఆ మాట రెండు వైపులా అంటుకుంటుంది. జట్టు అలిగింది అనలేం, జట్టు మారాం చేసింది అంటే నవ్వుతారు, కానీ 'జట్టు కూడా బెట్టు మీదే ఉంది' అంటే తిన్నగా ఉంటుంది. మీ ఊరి జట్టులోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1993లో ఎమిట్ స్మిత్, అప్పటికి రెండేళ్లుగా లీగులో బంతి పట్టుకుని అందరికన్నా ఎక్కువ గజాలు పరిగెత్తినవాడు, కాంట్రాక్టు తేలక ఇంట్లో కూర్చున్నాడు. యజమాని జెర్రీ జోన్స్ కూడా దిగలేదు. మొదటి రెండు ఆటలూ ఓడిపోయారు. రెండో ఓటమి తర్వాత చార్ల్స్ హేలీ అనే ఆటగాడు డ్రెస్సింగ్ రూమ్ గోడకేసి హెల్మెట్ విసిరికొట్టాడు. ఆ వారంలోనే నాలుగేళ్లకి 1 కోటి 36 లక్షలకి సంతకం అయింది. స్మిత్ వచ్చాడు, ఆ ఏడాది లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు, 1994 జనవరిలో సూపర్ బౌల్, అంటే లీగు ఫైనల్, గెలిచారు. మొదటి రెండు ఆటలు ఓడిన జట్టు సూపర్ బౌల్ గెలవడం అదే మొదటిసారి. ఎవరి బెట్టు ఎవరికి ఎంత ఖరీదు పడిందో స్కోరుబోర్డు మీదే చూసుకోవచ్చు.

అదే జెర్రీ జోన్స్ ముప్పయి రెండేళ్ల తర్వాత పార్సన్స్ దగ్గర ఏజెంటుని పక్కన పెట్టి నేరుగా మాట్లాడాను, మాట అయిపోయింది అన్నాడు. పార్సన్స్ అది బేరమే కాదన్నాడు, నన్ను వేరే జట్టుకి పంపేయండి అని ఆగస్టు 1న బయటికే చెప్పేశాడు. ఆగస్టు 28న గ్రీన్ బే జట్టుకి పంపేశారు, బదులుగా కెనీ క్లార్క్ అనే ఆటగాడు, రెండు మొదటి రౌండు డ్రాఫ్టు అవకాశాలు (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతులు). గ్రీన్ బే నాలుగేళ్లకి 18 కోట్ల 80 లక్షలు ఇచ్చింది. సరిగ్గా నెలకి రెండు జట్లూ కౌబాయ్స్ సొంత మైదానంలోనే తలపడితే 40-40, డ్రా! లీగులో డ్రా కావడమే అరుదు. ఆ రాత్రి ఫ్రిస్కోలో ఎవరు ఎవర్ని వెక్కిరించుకున్నారో మీరే చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు

ఎవరూ ఎవర్నీ వెక్కిరించలేకపోయారండీ, అదే బాధ. మీరు చెప్పింది బాగుంది కానీ ఒక చిక్కు. పార్సన్స్ అసలు క్యాంపుకి వెళ్లాడు. కాలిఫోర్నియాలో క్యాంపు పెడితే అక్కడే ఉన్నాడు, మీటింగులకి వచ్చాడు, నడుము పట్టేసిందని ప్రాక్టీసు మాత్రం చెయ్యలేదు. ఇక్కడ దీన్ని హోల్డౌట్ అనరు, హోల్డిన్ అంటున్నారు. దీనికీ బెట్టేనా?

జవాబు

అది పైన చెప్పిన జరిమానాకి పుట్టిన బిడ్డ. రోజుకి 50 వేలు ఎవడు కడతాడు అని 2020 తర్వాత ఎక్కువమంది ఇదే పద్ధతి పట్టారు. వస్తారు, హాజరు వేయించుకుంటారు, పక్కన నిలబడి చూస్తారు. 2021లో పిట్స్‌బర్గ్‌లో టీజే వాట్ క్యాంపంతా ఇలాగే గడిపి, సీజన్ మొదలయ్యే వారంలో నాలుగేళ్లకి 11 కోట్ల 20 లక్షలు పట్టాడు. దీనికి మన ఆఫీసు భాషలో దగ్గరి మాట పెన్‌డౌన్. రిజిస్టర్లో సంతకం ఉంటుంది, ఫైలు కదలదు. ఉద్యోగ సంఘాలవాళ్లు అందరూ కలిసి చేస్తారు, ఇక్కడ ఒక్కడే చేస్తున్నాడు, అంతే తేడా. 'హాజరు బెట్టు' అని ఒకటి కట్టొచ్చు కానీ అది మన గుంపు దాటి బయట బతకదని నా అనుమానం. వార్తల్లో హోల్డిన్ అనే రాసి, మొదటిసారి 'వచ్చి కూడా ఆడకపోవడం' అని ఒక వాక్యం విప్పి చెబితే చాలు.

జవాబు

బెట్టు మాటకి నాకు అభ్యంతరం ఉంది. మా ఇంట్లో "బెట్టు చెయ్యకు, వచ్చి తిను" అంటారు. బెట్టుసరి మనిషి అంటే పొగరుబోతు అనే కదా. మీరు మొండితనాన్ని తీసేసి గర్వాన్ని అంటగట్టారు.

జవాబు

అది ఒప్పుకోవాల్సిందే అమ్మా, గర్వం ఆ మాటలో ఉంది. అయినా నేను దాన్నే ఉంచుకుంటా, ఎందుకంటే ఇక్కడ కొంచెం గర్వం నిజంగానే ఉంది. వారానికి 8 లక్షలు వద్దన్నవాడిలో లెక్క ఒక్కటే ఉందంటే నమ్మను. తన తోటివాడికి ఎంత ఇచ్చారు, తనని ఎన్నో స్థానంలో నిలబెట్టారు అన్న పట్టింపు చాలా ఉంటుంది ఈ బేరాల్లో. అందరూ కలిసి ఆగితే మాత్రం సమ్మె అనే అనాలి, 1987లో ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లు చేశారు, యజమానులు బయటివాళ్లని తెచ్చి మూడు వారాలు ఆటలు నడిపించేశారు, సమ్మె విరిగిపోయింది. మన దగ్గర 2025 ఆగస్టులో సినిమా కార్మికులు 30 శాతం పెంచమని షూటింగులు ఆపింది కూడా ఆ పద్దులోదే.

జవాబు

తెలుగు మాస్టారిగా రిటైరయ్యాను కాబట్టి అడుగుతున్నా, ఇంతమంది ఉన్నారు, "అడిగిన జీతం బియ్యని మిడిమేలపు దొర" ఒక్కరికీ గుర్తు రాలేదా నాయనా? మిడిమేలపు అంటే గర్వంతో మిడిసిపడే. గర్వం దొరది అని పద్యం తేల్చేసింది, మీరేమో బంటుకి అంటగడుతున్నారు. అలాంటివాడి దగ్గర మిడుకుతూ పడి ఉండేకంటే ఎద్దుల్ని కట్టుకుని మడి దున్నుకోమంది. మీ ఆటగాళ్లలో నిజంగా అలా వెళ్లిపోయినవాడున్నాడా?

జవాబు

ఉన్నాడు మాస్టారూ! జాన్ రిగ్గిన్స్. వాషింగ్టన్ జట్టు, 1980. కాంట్రాక్టు మార్చమంటే మార్చలేదు, క్యాంపు వదిలేసి సొంత రాష్ట్రం కాన్సాస్ వెళ్లిపోయాడు, ఆ ఏడాదంతా రాలేదు. మరుసటి ఏడాది కొత్త కోచ్ జో గిబ్స్ కాన్సాస్ దాకా వెళ్లి మాట్లాడి వచ్చాడు. తిరిగొచ్చినప్పుడు రిగ్గిన్స్ విలేకరులతో అన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు: బోరు కొట్టింది, చేతిలో డబ్బుల్లేవు, వచ్చేశాను. 1983 జనవరి సూపర్ బౌల్‌లో 166 గజాలు పరిగెత్తి ఆ ఆటకి ఉత్తమ ఆటగాడయ్యాడు. పద్యంలో దొర మళ్లీ వచ్చి పిలిస్తే ఏం చెయ్యాలో మాత్రం లేదు.

జవాబు

పిలిస్తే జీతం ఎంతో ముందు అడగాలి నాయనా, ఎద్దుల్ని అప్పుడే అమ్మకూడదు.

ప్రశ్న అడిగినవారు

మా నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. బెట్టు ఆయనకి నచ్చింది. ఇప్పుడు ఫ్రాంచైజ్ ట్యాగ్‌కి తెలుగు అడుగుతున్నారు. "అట్టిపెట్టు హక్కు" అనొచ్చా అని ఆయన ప్రశ్న, దానికి వేరే పోస్టు పెడతాను.