పీహెచ్‌క్యూలో 10 వస్తే డిప్రెషనేనా?

కోరమంగళ_కాఫీ
ఆఫీసు హెల్త్ క్యాంపు అంటే ఇదివరకు బీపీ, షుగరే. ఇప్పుడు బెంగళూరులో కొన్నిచోట్ల వాటి పక్కన పీహెచ్‌క్యూ-9 అనే, డిప్రెషన్ లక్షణాలు అడిగే ప్రశ్నల కాగితం కూడా పెడుతున్నారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చినవాళ్ళకి ‘మీకు డిప్రెషన్ ఉంది, మందులు మొదలుపెట్టండి’ అని మెయిల్ పంపడం సబబేనా? సొంత కథలకి వేరే థ్రెడ్ ఉంది, ఇక్కడ విషయం మాట్లాడండి.

లెక్కలమాస్టారు
సబబే. 2001లో క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ అనే పరిశోధకులు అచ్చువేసిన పద్ధతి ఇది, నిన్నమొన్నటిది కాదు. 2019లో చాలా అధ్యయనాలు కలిపి చూస్తే, 10 దగ్గర గీత గీసినప్పుడు డిప్రెషన్ ఉన్న 100 మందిలో 88 మంది దొరికారు, లేని 100 మందిలో 85 మంది సరిగ్గా పక్కకి వెళ్ళారు. రూపాయి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, తెలుగులోనూ ఉంది. ఒక్కొక్కరినీ ముప్పావుగంట కూర్చోబెట్టి అడిగేంతమంది సైకియాట్రిస్టులు ఈ ఊళ్ళో ఎక్కడున్నారు?

లాల్‌బాగ్_గేటు
మాస్టారూ, ఆ 88, 85 పట్టుకుని వెయ్యిమంది ఉన్న ఆఫీసుకి రండి. బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం అప్పటికి డిప్రెషన్‌తో ఉన్న పెద్దవాళ్ళు 2.7 శాతం. అంటే వెయ్యికి 27 మంది. వాళ్ళలో 24 మంది దొరుకుతారు. మిగతా 973 మందిలో 15 శాతం, అంటే 146 మందికి లేని జబ్బు అంటగడతారు. మెయిల్ 170 మందికి, జబ్బు 24 మందికి. ఏడుగురిలో ఒకరు! ఐటీలో ఒత్తిడి ఎక్కువ, 8 శాతం వేసుకోండి అంటారా, అప్పుడూ ముగ్గురిలో ఒకరే.

బనశంకరి_బస్సు
హెచ్ఆర్ టేబుల్ ముందు కూర్చుని పేరు రాసి ఇచ్చే కాగితంలో నిజం ఎవడు రాస్తాడండీ. అసలు లెక్క అక్కడే తప్పింది.

నైట్‌షిఫ్ట్
కాగితాన్నే దగ్గర పెట్టుకుని చూడండి. రాత్రి షిఫ్టులో పనిచేసే ఒక మనిషిని ఊహించుకుందాం. 3వ ప్రశ్న నిద్ర: 3. 4వది నీరసం: 3. 5వది తిండి: 2. 7వది ధ్యాస నిలవకపోవడం: 2. మొత్తం 10 అయిపోయింది. కానీ 1వ ప్రశ్న (దేనిమీదా ఆసక్తి లేకపోవడం), 2వ ప్రశ్న (దిగులు) రెండూ సున్నా. మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 పుస్తకం ప్రకారం ఆ రెండింటిలో ఒక్కటైనా లేకుండా మేజర్ డిప్రెషన్ అనే మాటే లేదు. ఆ మనిషికి కావలసింది షిఫ్టు మార్పు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బీ12 తగ్గినా, స్టెరాయిడ్లు వాడుతున్నా, రోజూ తాగుతున్నా కూడా ఈ గళ్ళు ఇలాగే నిండొచ్చు.

లెక్కలమాస్టారు
ఒప్పుకుంటున్నా, ఉత్త కూడిక చాలదు. తయారుచేసినవాళ్ళూ అది చాలనలేదు. ‘సగం కంటే ఎక్కువ రోజులు’ అన్న గడిలో గానీ దాని పైన గానీ అయిదు లక్షణాలుండాలి, వాటిలో 1వ ప్రశ్నది గానీ 2వ ప్రశ్నది గానీ ఉండి తీరాలి, 9వది మాత్రం ఏ కాస్త ఉన్నా లెక్కలోకే వస్తుంది అని సూచనల కాగితంలోనే ఉంది. కింద అంకె వేయని పదో ప్రశ్న ఒకటుంటుంది: వీటివల్ల పనికీ ఇంటికీ మనుషులతో మెలగడానికీ ఎంత ఇబ్బంది అని. దాన్ని చూడకుండా మెయిల్ కొట్టేవాళ్ళది తప్పు, కాగితానిది కాదు.

కానీ ఇంకో వైపు చూడండి. మనవాళ్ళు ‘నాకు దిగులుగా ఉంది’ అంటూ డాక్టరు దగ్గరికి పోరు. ఒళ్ళంతా లాగేస్తోంది, గ్యాస్, గుండె దడ, తలంతా బరువు అంటారు. ఈసీజీ బాగుంది, ఎండోస్కోపీ బాగుంది, పాంటాప్ (గ్యాస్ మాత్ర) రాసి పంపేస్తారు. కన్నడంలో ‘బేజారు’ అంటే దిగులూ అవుతుంది, విసుగూ అవుతుంది. ఇక్కడ పెరిగిన తెలుగువాళ్ళూ అదే మాట వాడతారు. డాక్టరు దాన్ని విసుగు కింద తీసేస్తే కథ అక్కడితో సరి. కాగితం ఉంటే కనీసం రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతుంది.

రెండుకొసలు
ఇద్దరూ అసలైనదాన్ని వదిలేశారు. ఈ కాగితం కిందికే చూస్తుంది, పైకి చూడదు. బైపోలార్ (ఒకప్పుడు దిగులు, ఇంకొకప్పుడు అతి హుషారు వచ్చే జబ్బు) చాలామందిలో ముందు డిప్రెషన్‌గానే బయటపడుతుంది. ఆ దశలో రెండు జబ్బులకీ పీహెచ్‌క్యూలో ఒకే 17 రావచ్చు. స్కోరు చూసి ఎస్సిటలోప్రామ్ (డిప్రెషన్ మందు) ఒక్కటే మొదలుపెడితే బైపోలార్ ఉన్న కొందరు మేనియాలోకి, అంటే ఆ అతి హుషారు దశలోకి ఎక్కేస్తారు. ఉన్నట్టుండి హుషారు, నిద్ర రెండు గంటలు, క్రెడిట్ కార్డు మీద లక్షల ఖర్చు. ఇంట్లోవాళ్ళు ‘మందు భలే పనిచేసింది’ అనుకుంటారు!

అందుకని మాత్ర రాసేముందు అడగాల్సింది: ‘ఎప్పుడైనా వరసగా నాలుగు రోజులకి తగ్గకుండా, నిద్ర లేకపోయినా అలుపు లేకుండా, మామూలు మీరు కానంత హుషారుగా గానీ చిరాకుగా గానీ ఉన్నారా?’ నాలుగు రోజులుంటే హైపోమేనియా (కాస్త తక్కువ స్థాయి మేనియా) అనుమానం, వారం ఉంటే మేనియా. ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే రోజుల లెక్కే లేదు. ఇది ఆ మనిషినొక్కర్నే అడిగితే చాలదు, ఎందుకంటే అవి వాళ్ళకి జబ్బు రోజులుగా కాదు, మంచి రోజులుగా గుర్తుంటాయి. భార్యనో, అమ్మనో, రూమ్మేట్‌నో అడగాలి. ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉందా, ఎవరైనా లిథియం (బైపోలార్‌కి ఇచ్చే మందు) వాడారా, కాన్పు తర్వాత ఎవరికైనా మతి చలించిందా అన్నదీ కనుక్కోవాలి. పది నిమిషాల పని. ఇది ఏ మెయిలూ చేయలేదు.

కోరమంగళ_కాఫీ
సరే, మరి క్యాంపులో ఆ కాగితం తీసెయ్యాలా?

రెండుకొసలు
అక్కర్లేదు. మెయిల్‌లో ‘డిప్రెషన్ ఉంది’ తీసేసి ‘ఒకసారి డాక్టరుతో మాట్లాడితే మంచిది’ అని రాయండి. ఫలితం ఆ మనిషికే వెళ్ళాలి, హెచ్ఆర్‌కి కాదు. మొదటి చూపులోనే సీబీసీ (రక్తకణాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12 చేయించాలి.

లెక్కలమాస్టారు
వైద్యం మొదలయ్యాక మాత్రం స్కోరుని వదలకండి. అసలు పని అక్కడే. 18తో మొదలైన మనిషి ఆరు వారాలకి 9కి గానీ, ఇంకా కిందికి గానీ వస్తే మందు పట్టినట్టు, 5 లోపు వస్తే కోలుకున్నట్టు. రెండు వారాలకే గుణం లేదని మానేసేవాళ్ళు ఎక్కువ. మొదటివారం వికారం, కడుపులో తిప్పడం ముందొస్తాయి, మనసు తేలికపడటం తర్వాతొస్తుంది. ఆ సంగతి చీటీ రాసినప్పుడే చెప్పాలి.

లాల్‌బాగ్_గేటు
ఒక్కటి మిగిలింది. 9వ ప్రశ్న, చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన. అందులో 1 వచ్చినా సరే, మొత్తం 4 అయినా సరే, ఆ కాగితం కట్టలోకి పోకూడదు. అదే రోజు, అదే గదిలో, తలుపు వేసి సూటిగా అడగాలి: ఆలోచనేనా, ఎలా అన్నది కూడా అనుకున్నారా, అందుకు కావలసింది దగ్గరుందా? అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. రెండో మూడో ప్రశ్నకి అవునంటే ఒంటరిగా వదలకుండా సైకియాట్రీ ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. క్యాంపులో అలా అడగగలిగే మనిషి ఒక్కరూ లేకపోతే ఆ రోజు కాగితాలు పంచకండి, బీపీ చూసి పంపించండి.