విమానం టికెట్ మీద రాసే ప్రయాణ సమయం: గాలి లెక్కా, దొంగ లెక్కా?

కిటికీసీటు: లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి దాదాపు 5,540 కిలోమీటర్లు. జెట్ వేగం గంటకు 900 అనుకుంటే ఆరు గంటల పది నిమిషాలు చాలు. టికెట్ మీద మాత్రం పోయేటప్పుడు సుమారు ఎనిమిది గంటలు, వచ్చేటప్పుడు ఏడు. దూరం ఒకటే కదా? ఆలస్యం బయటపడకుండా కంపెనీలు టైము ముందే పెంచి రాస్తున్నాయి. ఇది మోసం కాదా?

మేఘమాల: రెండు దేశాల టైము తేడా కూడా కలిపేశారేమో.

కిటికీసీటు: అది తీసేసే చెప్పానండి.

పాతనావిగేటర్: నేల మీది దూరాన్ని గాల్లో వేగంతో భాగించారు, చిక్కు అక్కడే. విమానాలు ఎగిరే ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. ఎదురుగాలి 150 ఉంటే నేల లెక్కన మీ వేగం 750కి పడిపోతుంది, ఏడు గంటల ఇరవై నిమిషాలు దాటుతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే ఐదుంబావు. పైగా మీరు చెప్పింది గ్రేట్ సర్కిల్ దూరం, అంటే భూగోళం మీద అతి దగ్గరి దారి. విమానాలు అచ్చంగా ఆ గీత పట్టుకుని పోవు.

కిటికీసీటు: ఐదుంబావని మీరే అన్నారు. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి ఊపుకి బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 న్యూయార్క్ నుంచి 4 గంటల 56 నిమిషాల్లో లండన్ వచ్చేసింది. మరి టికెట్ మీద ఏడెందుకు?

పాతనావిగేటర్: ఒక్క రోజు గాలి చూసి ఏడాది షెడ్యూలు రాస్తారా? టికెట్ సమయం గేటు నుంచి గేటుకి. రన్‌వే దాకా వెళ్లడం, క్యూలో ఆగడం, దిగే ముందు చక్కర్లు కొట్టడం, అన్నీ అందులోవే.

ఉప్పుగాలి: 2022లో రష్యా గగనతలం మూసేశాక హెల్సింకి–టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి పదమూడుకి పోయింది. ఊళ్లేమీ జరగలేదు మరి!

కిటికీసీటు: రష్యాకి వేరే టాపిక్ పెట్టుకోండి. అమెరికా లెక్కల్లో 15 నిమిషాల లోపు ఆలస్యం అసలు ఆలస్యమే కాదు. నా విమానం చెప్పిన టైము కంటే ముందే దిగింది. ముందే దిగింది కాబట్టే గేటు ఖాళీ లేదని ట్యాక్సీవే మీద ఆపేశారు. తలుపు తీసేసరికి పన్నెండు నిమిషాలు లేటు, తర్వాతి ఫ్లైట్ పోయింది. రికార్డులో మాత్రం మేం "ఆన్ టైమ్"!

పాతనావిగేటర్: రెండూ ఒకే టికెట్టా, విడివిడిగా కొన్నారా?

కిటికీసీటు: విడివిడిగా. అయితే?

పాతనావిగేటర్: అయితే మధ్యలో సరిపడా టైము పెట్టుకోవాల్సింది మీరే.

కిటికీసీటు: ఉపన్యాసం ఆపండి సార్! టైము రాసింది వాళ్లు, నమ్మింది నేను. నమ్మకూడదంటే నిమిషాలతో సహా ఎందుకు అచ్చేస్తున్నారు?

పాతనావిగేటర్: అది అంచనా అండి, హామీ కాదు.

కిటికీసీటు: టికెట్ డబ్బులు నేను అంచనాగా కట్టలేదు.

నల్లకోటు: ఐరోపా న్యాయస్థానం 2014లో చెప్పింది: చేరినట్టు లెక్క చక్రాలు నేల తాకినప్పుడు కాదు, కనీసం ఒక తలుపు తెరిచినప్పుడు. కానీ అక్కడ ఆలస్యానికి పరిహారం మూడు గంటల నుంచే. విడిగా కొన్న రెండో టికెట్ అందులోకి రాదు.

కిటికీసీటు: తలుపు! నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది అదే.

పాతనావిగేటర్: ఆ కింది రెండు వాక్యాలు కూడా చదవండి.