నాన్నకి గుండెలో స్టెంట్ వేయించాలి, ఆరోగ్యశ్రీలో ఎలా?

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. నాన్నకి 62 ఏళ్లు. పోయిన వారం యాంజియో (గుండె రక్తనాళాల పరీక్ష) తీసి, స్టెంట్ పడాల్సిందే అన్నారు. తెల్ల రేషన్ కార్డుంది. 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు కదా అని ధైర్యంగా ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, కౌంటర్లో కార్డు తిప్పి చూసి "శ్రీలో బెడ్లు లేవు, క్యాష్ అయితే రేపే చేస్తాం" అన్నారు. ఆరోగ్యశ్రీ రోగులకి సాయం చేయడానికి అక్కడ ఉండాల్సిన ఆరోగ్యమిత్ర కుర్చీ రెండు రోజులూ ఖాళీయే!

104 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే నిజంగా పనవుతుందా? లేక నేరుగా హైదరాబాద్ నిమ్స్‌కి తీసుకెళ్లడం మేలా? అక్కడ గుండె ఓపీకి ఎన్నింటికి వెళ్లాలి, యాంజియో సీడీ ఉంటే మళ్లీ తీస్తారా? ఈమధ్య చేయించుకున్నవాళ్లు కాస్త చెప్పండి. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు, ఎక్కువ తిప్పలేను.